చలికాలపు చెరువు గట్టు మీద ఒక కుక్క ముక్కు

జనవరి మొదటి వారం. పటాన్‌చెరు దగ్గరి ఓ చెరువు గట్టు మీద ఉదయం ఆరున్నరకి నేనూ, మా కుక్క చిట్టీ నడుస్తున్నాం. మంచులో పది అడుగుల అవతల నాకేమీ కనిపించడం లేదు. చిట్టి మాత్రం తుంగ పక్కన ఆగి, ముక్కు నేలకి ఆనించి కదలనంటోంది. టార్చి వేసి చూస్తే తడి మట్టిలో ముంగిస అడుగులు!

ఈ ఘనతలో సగం చిట్టిదైతే సగం చలికాలపు గాలిది. రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటే నేల తన వేడిని వదిలేసి త్వరగా చల్లబడుతుంది. దాన్ని ఆనుకున్న గాలీ చల్లబడుతుంది. పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. దీన్నే ఉష్ణోగ్రతా విలోమం అంటారు. కింది గాలి పైకి లేవలేదు కనుక వాసనలు నేల దగ్గరే నిలిచిపోతాయి. నగరాల్లో పొగ పేరుకునేదీ ఇందుకే. ధ్వనికి కూడా దీంతో సంబంధముంది. గాలి ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే అందులో ధ్వని వేగం సెకనుకు సుమారు 0.6 మీటర్లు పెరుగుతుంది. పైన వేగం ఎక్కువ, కింద తక్కువ కావడంతో తరంగాలు నేలవైపు వంగుతాయి. అవతలి గట్టు మీది తీతువు అరుపు మన పక్కనే వినిపించేది అందుకే. పాపం, దాన్ని అపశకునం అంటారు గానీ, అది తోటి పక్షులకు కాపలాదారు.

ఇక ముక్కు. కుక్క వాసన చూసేటప్పుడు సెకనుకు దాదాపు ఐదుసార్లు గాలి పీలుస్తుంది. వదిలే గాలి ముక్కు పక్కల ఉన్న చీలికల గుండా వెనక్కి పోతుంది కాబట్టి ముందున్న వాసన చెదరదు. పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో గ్యారీ సెటిల్స్ బృందం గాలి కదలికను ఫొటోల్లో పట్టి దీన్ని చూపించింది. భౌతికశాస్త్రం చదివిన నాకు కుక్కలో అన్నింటికన్నా నచ్చే సంగతి ఇదే.

మంచు విడిపోయాక ఒడ్డున సూదితోక బాతులు కనిపించాయి. నేను బైనాక్యులర్స్ తీసేలోపే చిట్టి ఒక్క అరుపు అరిచింది. తాడు నా చేతిలోనే ఉంది. అయినా గుంపంతా లేచిపోయింది.

ఇది చిన్న విషయం కాదు. ఉత్తరాది నుంచి వచ్చిన ఈ పక్షులు తిరుగు ప్రయాణానికి కావలసిన కొవ్వును ఇక్కడి మేతతోనే కూడబెట్టుకోవాలి. లేచిన ప్రతిసారీ మేత సమయం పోతుంది, శక్తీ ఖర్చవుతుంది. సిడ్నీ పరిసరాల అడవుల్లో జరిగిన ఒక అధ్యయనం 2007లో వెలువడింది. తాడుతో కట్టిన కుక్కను నడిపించినా అక్కడ పక్షి జాతులు 35 శాతం, పక్షుల సంఖ్య 41 శాతం తగ్గాయి. మనిషి ఒక్కడే నడిస్తే కలిగిన ప్రభావం చాలావరకు ఇందులో సగం కూడా లేదు.

మన దేశంలో సమస్య ఇంకా పెద్దది. కుక్కలు 80 వన్యజాతుల మీద దాడి చేసినట్టు, వాటిలో 31 ముప్పులో ఉన్నవని 2017లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. 2018లో గిర్‌లో 20కి పైగా సింహాలు చనిపోయినప్పుడు కొన్నింటిలో కెనైన్ డిస్టెంపర్ వైరస్ బయటపడింది. కుక్కలకు ఈ వైరస్‌ను అడ్డుకునే టీకా ఉంది. చిట్టికి ఏటా వేయిస్తున్నాం.

ఆ రోజు నుంచి నడక రెండు ముక్కలైంది. చిట్టితో ఊరివైపు పొలం గట్ల మీద తిరిగి, దాన్ని ఇంట్లో దింపి, చెరువుకి ఒక్కదాన్నే వెళ్తున్నాను. తిరిగొచ్చాక నా చెప్పుల్ని అది చాలాసేపు వాసన చూస్తుంది.