కుందేలు వేట: తుపాకి లెక్క, జాడ తీసే విద్య



భిలాయిలోని నెహ్రూ నగర్ నుంచి శివనాథ్ నది వైపు వెళ్తూ ఇళ్ల వరుసలు దాటితే వరిపొలాలు మొదలవుతాయి. కోత అయిపోయిన మళ్లలో తివరా పైరు పచ్చగా ఉంటుంది. ఆ గట్ల మీద తెల్లవారుజామున కనిపించే జంతువును ఛత్తీస్‌గఢీ వాళ్లు ఖర్హా అంటారు. మన కుందేలే అది. ఒకప్పటి షికారీకి దాని విషయంలో రెండు ప్రశ్నలుండేవి: ఏ తుపాకి తీసుకోవాలి, కుందేలు ఎక్కడ దొరుకుతుంది? ఈ రెండింటి వెనుకా మంచి విజ్ఞానమే ఉంది. దాని సంగతి చెప్పుకునే ముందు చట్టం ఏమంటుందో చూద్దాం.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదట్లో వేటను పూర్తిగా ఆపలేదు. ప్రత్యేక వేట, పెద్ద వేట, చిన్న వేట అంటూ వేర్వేరు లైసెన్సులకు అందులో చోటుండేది. కుందేలు చిన్న వేట జాబితాలోకి వచ్చేది. 1991 సవరణతో ఆ లైసెన్సులన్నీ రద్దయ్యాయి. 2022 సవరణ షెడ్యూళ్ల సంఖ్యను తగ్గించింది, జరిమానాను పెంచింది. నేడు కుందేలును వేటాడితే 3 ఏళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. తుపాకి పేలిస్తేనే వేట అనుకోకండి. ఉచ్చు పన్నడం, వల వేయడం, తరిమి పట్టడం కూడా చట్టం లెక్కలో వేటే. చేలగట్ల మీద కరెంటు తీగ పరిచేవారి సంగతి మరీ ఘోరం. ఆ తీగ తగిలి మనుషులే పోతున్నారు.

ఇక తుపాకి. చిన్న జంతువులకు వాడే తుపాకిలో ఒక్క తూటా పేలితే వందల సీసపు గుళ్లు ఒకేసారి వెళ్తాయి. 12 బోర్ అనే మాట మీరు వినే ఉంటారు. ఇందులో 12 అంగుళమూ కాదు, మిల్లీమీటరూ కాదు. ఒక పౌను, అంటే సుమారు 453.6 గ్రాముల సీసాన్ని 12 సమానమైన గుండ్లుగా పోస్తే, ఒక్కో గుండు వ్యాసమే ఆ గొట్టం లోపలి వ్యాసం. సీసం సాంద్రత 11.34 అని తీసుకుని మీరే లెక్క కట్టండి, 18.5 మిల్లీమీటర్లు వస్తుంది. 20 బోర్‌కు 15.6 వస్తుంది. అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుందన్నమాట! .410 మాత్రం ఈ లెక్కకు లొంగదు. అది నేరుగా అంగుళంలో 410 వేయో వంతులు.

గొట్టం మూతి దగ్గర కొద్దిగా ఇరుకవడాన్ని చోక్ అంటారు. పూర్తి చోక్ ఉంటే 40 గజాల దూరంలో 30 అంగుళాల వలయంలో సుమారు 70 శాతం గుళ్లు పడతాయి. చోక్ లేకపోతే 40 శాతమే. అయినా నా దృష్టిలో బోర్ కన్నా, చోక్ కన్నా ముందు చూడవలసింది తుపాకి మడమ భుజానికి, చెంపకు సరిగ్గా అమరిందా లేదా అన్నది. ఇందులో రైఫిల్‌లా వెనుక గురి ఉండదు. ఆ పని కన్నే చేయాలి.

ఈ విద్య నేడు మట్టి పళ్లేల మీదికి మళ్లింది. 1900 పారిస్ ఒలింపిక్స్‌లో బతికున్న పావురాలనే కాల్చారు. ఇప్పుడు ట్రాప్ పోటీలో 110 మిల్లీమీటర్ల వ్యాసమున్న పళ్లెం గాలిలోకి ఎగురుతుంది, తూటాలో గుళ్లు 24 గ్రాములు మించకూడదు. హైదరాబాద్‌కు చెందిన కైనాన్ చెనాయ్ 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఈ పోటీలోనే వ్యక్తిగత కాంస్యం, జట్టుతో స్వర్ణం సాధించాడు. 21 ఏళ్లు నిండకుండా ఆయుధ లైసెన్సు రాదు. అంతకన్నా చిన్నవాళ్లు నిబంధనల ప్రకారం, పెద్దల పర్యవేక్షణలో శిక్షణ పొందవచ్చు.

రెండో ప్రశ్న నాకు మరీ ఇష్టం. విదేశీ పుస్తకాలు చదివి బొరియలు వెతికితే మన పొలాల్లో ఏమీ దొరకదు. అక్కడి రాబిట్ బొరియలో ఉంటుంది, దాని పిల్లలు కళ్లు మూసుకుని, బొచ్చు లేకుండా పుడతాయి. మన కుందేలు హేర్ జాతిది. గడ్డిలో ఒళ్లు పట్టేంత గుంట చేసుకుని పగలంతా అందులోనే పడుకుంటుంది. స్థూలంగా గోదావరికి దక్షిణాన మెడ వెనుక నల్లమచ్చ ఉన్న రకం, ఉత్తరాన ఎర్రతోక రకం కనిపిస్తాయి. కాబట్టి భిలాయి దగ్గర నల్లమెడ కోసం చూడకండి.

జాడలు నేల మీదే ఉంటాయి. గుండ్రని, పీచులాంటి ఎండు పెంటికలు కనిపిస్తాయి. లేత కాడలు కత్తితో కోసినట్టు ఏటవాలుగా తెగి ఉంటాయి. మెత్తటి దుమ్ములో అడుగులు చూడండి. పరుగులో వెనుక కాళ్లు ముందు కాళ్లను దాటి పడతాయి గనుక పెద్ద అడుగులున్న వైపే అది వెళ్లిన దిక్కు. చాలామంది దీన్ని తలకిందులుగా చదువుతారు.

ఒక్కోసారి గడ్డిలో ఒంటరిగా కదలకుండా కూర్చున్న పిల్ల కనిపిస్తుంది. బొచ్చుతో, కళ్లు తెరుచుకునే పుడుతుంది అది. తల్లి లేదనుకుని జాలిపడి ఇంటికి తెచ్చేవారున్నారు. తల్లి దూరంగా ఉండేది పిల్ల ఉన్న చోటు శత్రువులకు తెలియకూడదనే. పిల్లను ముట్టుకోకుండా వచ్చిన దారినే వెనక్కి రండి. చీకటి పడ్డాక అది పాలిచ్చి పోతుంది.