కర్షకవంశముల పూర్వచరిత్రకు ఆధారములు: ధరణికోట

అమరావతి స్తూపమున దొరకిన పూర్ణఘటఫలక మొకదానిపై నొక దాత కుటుంబ మంతయు జెక్కబడియున్నది. దాత పేరు విధికుడు. వృత్తిచే చర్మకారుడు, ఉపాధ్యాయుడగు నాగుని కుమారుడు. తన తల్లితో, భార్యతో, సోదరులతో, కుమారుడగు నాగునితో, కుమార్తెలతో, జ్ఞాతులతో గూడి యాతడా శిలాఫలకమును సమర్పించెను. స్తూపమున కానుకొనియున్న ధరణికోటయే ప్రాచీన ధాన్యకటకము గావున నీ లేఖన మా యూరి కుటుంబపత్రములలో మిక్కిలి ప్రాచీనమైన వానిలో నొకటి యనదగును. ఇందు వంశచరిత్ర వ్రాయువారికి బనికివచ్చు విషయములు రెండున్నవి. విధికుని తండ్రి నాగుడు, కుమారుడును నాగుడే. తాతపేరు మనుమనికి బెట్టు నాచారము సుమారు పదునెనిమిది వందల యేండ్లకు బూర్వమే కృష్ణాతీరమున నుండెను. రెండవది, కుమారుని పేరు చెక్కిన శిల్పి తల్లి పేరుగాని, భార్య పేరుగాని, కుమార్తెల పేర్లుగాని చెక్కలేదు. స్త్రీలే దాతలైన ఫలకములు పెక్కులు గలవు, వానిలో వారి పేర్లును గలవు. కాని పురుషుడు దాత యైనచోట స్త్రీ తఱచు బంధుత్వవాచకముగనే నిలిచిపోయినది. ఈ రెండు చిక్కులును నేటివఱకు వదలలేదు.

ఆ ఫలకములలో గహపతులు, అనగా గృహపతులు, అను దాతలు పెక్కుండ్రు. వారిలో భూవసతి గలవారుండుట సహజమే. అయినను దున్నువాడు దున్నువాడుగా ఱాతి కెక్కుట యరిది. తరువాతి కాలమునను నంతియే. 1182లో కోట కేతరాజు అమరేశ్వరాలయమున వేయించిన శాసనమున దేవునికిని బుద్ధునికిని చేసిన దానములు చెప్పబడినవి. తెలుగుశాసనములలో అఖండదీపమునకు గొఱ్ఱెలను గైకొని, ఆచంద్రార్కము పుత్రపౌత్రికముగా నేయి పోయుదు మని యొప్పుకొన్న బోయల పేర్లు తండ్రిపేర్లతో సహా దొరకును. రైతు మాత్రము తన గ్రామము పేరులో మఱుగుపడిపోవును. గ్రామము దాన మైనప్పుడు దానిలోని కాపులును చెప్పకయే దాన మైరి. గొఱ్ఱెల కాపరి కబ్బిన శాశ్వతత్వము నాగలి పట్టినవాని కబ్బకపోవుట వింతయే.

నేటి ధరణికోట రైతొకడు తన తాతకు తాత యెవరో, ఏ చేను దున్నెనో, ఎప్పుడు పుట్టి యెప్పుడు గతించెనో తెలిసికొనగోరినచో నేమి చూడవలెను? చదువుకొన్నవారు మొదట జనాభాలెక్కల పేరు చెప్పుదురు. ఇంగ్లండు పద్ధతి విన్నందున గలిగిన యభిప్రాయ మిది. అచట 1841 మొదలు ప్రతి యింటివారి పేర్లును, వయస్సులును, వృత్తులును పట్టికలలో నిలిచినవి. నూఱేండ్లు గడచిన పిమ్మట నవి యెల్లరకును తెఱవబడుచున్నవి. పొలముకూలివాని జీవితమునైనను పదేండ్ల కొకమాఱు చొప్పున నందు జూడవచ్చును.

మనదేశమున నట్లు కాదు. చెన్నపురి రాజధానిలో 1822 లోనే జనులను లెక్కించిరి. 1851-52 మొదలు అయిదేండ్ల కొకతూరి లెక్కించిరి. 1871 నవంబరున మఱింత క్రమముగా లెక్కించిరి. 1881 ఫిబ్రవరి 17వ తేది మొదలు దేశమంతట పదేండ్ల లెక్కలు సాగినవి. గణకుడు ధరణికోటలోని ప్రతి గడపకును పోయి, యింటివారిని అడిగి, పట్టికలు నింపెను. కాని యా పట్టికలు మొత్తములు కట్టుటకే గాని దాచుటకు గాదు. అంకెలు దీసిన పిమ్మట అవి నిలువలేదు. 1948 నాటి జనాభాచట్టపు 15వ సెక్షను ప్రకారము గణకుని పత్రములను జూచు హక్కెవ్వరికిని లేదు. అవి న్యాయస్థానమున సాక్ష్యముగా జెల్లవు. నిజము చెప్పి పన్నుకో సైన్యమునకో చిక్కుదు మను భయము జనులకు లేకుండుటకే యీ నిర్బంధము. సదుద్దేశమే. కాని దాని ఫలముగా, రైతు లెక్కింపబడెను, రైతు పేరు పోయినది. స్త్రీల విషయము చెప్పనక్కఱలేదు. ఇంటివారు స్త్రీ పేరు చెప్ప నిష్టపడనిచో 'ఆడుది' అని మాత్రము వ్రాసికొనవచ్చునని పూర్వపు గణకులకు సూచన యుండెను.

అంతమాత్రమున జనాభాలెక్కలు వ్యర్థములు గావు. తాలూకాలో ఎందఱు సేద్యగాండ్రు, ఎందఱు కూలివాండ్రు, 1931 వఱకు ఏ కులమువారెందఱు అను సంగతులు వానివలననే తెలియును. పూర్వు డొకడు జీవించిన యూరెంతటిదో, దశాబ్దమున పెరిగెనో తరిగెనో చూడవచ్చును. వయస్సుల పట్టికలలో 30, 40, 50 అను నంకెల యొద్ద జనులు గుమిగూడి యుందురు. ముప్పదిరెండేండ్లవాడును ముప్పదియనియే చెప్పెనన్న మాట. కావున పాతపత్రమున నొకని వయస్సు 40 అని యున్నచో దానిని రెండుమూడేండ్లు ఇటునటుగా గ్రహింపవలెను. జనాభాలెక్క వంశచరిత్రకు గోడ వంటిది. చిత్రమును వేఱొకచోట వెదకవలెను.

వెదకుటకు ముందు జిల్లాలపేర్లు తెలియవలెను. గుంటూరు సర్కారు 1788లో కుంపిణీవారి చేతికి వచ్చినది. పిదప గుంటూరుజిల్లా యని యొకటి యేర్పడి, 1859లో కృష్ణాజిల్లాలో గలిసిపోయెను. 1904లో గుంటూరుజిల్లా మరల వేఱుపడెను. ధరణికోట సత్తెనపల్లి తాలూకాలో నుండి, మండలములు వచ్చినపుడు అమరావతి మండలమున జేరి, 2022లో పల్నాడుజిల్లాకు బోయినది. 1880 నాటి పత్రమును గుంటూరు పేర వెదకువానికి నది దొరకదు; కృష్ణాజిల్లా కాగితములలో వెదకవలెను.

రైతుపేరు నిజముగా నిలిచినది శిస్తు లెక్కలలోనే. ఐతే యవియు కాలమునుబట్టి మాఱినవి. 1802 నాటి శాశ్వతపైసలాతో ఈ ప్రాంతము జమీందారీ యాయెను. చింతపల్లినుండి అమరావతికి రాజధాని మార్చి నగరము కట్టించిన వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు ప్రసిద్ధుడు. స్తూపపు దిబ్బ త్రవ్వబడి యిటుకలును ఱాళ్లును వెలికివచ్చినది యీ నిర్మాణములకాలముననే. కర్నల్ మెకంజీ దృష్టి యిటు మఱలినదియు 1797 ప్రాంతముననే. క్రొత్తనగరమునకు బయటినుండి జనులు వచ్చి కాపురముండిరి. గావున నేడు ధరణికోటలో, అమరావతిలో 'మేమనాదిగా నిచ్చటివారము' అను కుటుంబము తనను దాను ఒకమాఱు ప్రశ్నించుకొనవలెను. జమీందారీకాలమున సర్కారునకు గావలసినది జమీందారు చెల్లించు పేష్కస్సే గాని రైతుపేరు గాదు. గుంటూరుసీమలో విసబడి యను పద్ధతియు నుండెను: గ్రామమునకంతకు నొక మొత్తము శిస్తుగట్టగా, రైతులు దానిని వీసముల లెక్కను తమలో దాము పంచుకొనువారు. గ్రామపు మొత్తము కలెక్టరు కచ్చేరి కెక్కును. ఎవని కెన్ని వీసములో చెప్పు పట్టిక కరణము కవిలెకట్టలోనే యుండును. 1816లో వేంకటాద్రినాయుడు గతించిన పిమ్మట దత్తపుత్రులు జగన్నాథబాబునకు, రామనాథబాబునకు వచ్చిన వ్యాజ్యములవలన సంస్థానము క్రుంగెను.

శిస్తులెక్కలను గ్రుడ్డిగా నమ్మరాదు. 1788 మొదలు 1848 వఱకు గుంటూరు పాలనను గూర్చి 1965లో గ్రంథము వెలువరించిన ఫ్రైకెన్‌బర్గు పండితుడు, హుజూరు ఉద్యోగులును గ్రామపెద్దలును కలిసి ఆదాయపు నిజస్థితిని దొరలకు దెలియకుండ నెట్లు దాచిరో చూపియున్నాడు. ఆ సీమ దురవస్థను విచారింప బంపబడిన వాల్టరు ఎలియటు 1846లో నివేదిక వ్రాసెను. దాచబడిన భూమితోపాటు దానిని దున్నిన రైతుపేరును దాచబడియుండును. ఒక పట్టికలో పూర్వుని పేరు లేకపోయినంతనే అత డా యూర లేడని నిశ్చయింపరాదు.

జమీందారీలు పోయి రైతువారీ వచ్చినపిమ్మట త్రోవ సుగమము. సర్వే జరిగి, నంబరొక్కింటికి పట్టాదారు పేరు వ్రాయబడినది. సెటిల్మెంటు రిజిస్టరులు, అడంగలు, తెలుగున నింగ్లీషున రెండు భాషలలో నుండు డైగ్లాటు, పట్టాదారువారీగా నుండు 10(1) లెక్క, వీనిని వెనుకనుండి ముందునకు గాక నేటినుండి వెనుకకు జదువవలెను. సర్వేనంబరు మాఱినచోట పాతనంబరు గడి చూడవలెను. ఈ లెక్కలలో సంవత్సరము ఫసలీలో నుండును. దానికి 590 కలిపిన యెడల ఆ ఫసలీ ప్రారంభమైన క్రీస్తుసంవత్సరము వచ్చును. 1858లో నేర్పడిన ఇనాము కమీషను రిజిస్టరులలో మాన్యము పొందినవాని పేరు, అనుభవదారుని పేరు, వయస్సు, వారసులు గలరు. వంశవృక్షమునకు వీనికంటె మంచి యాధారము లేదు గాని, అవి దేవాలయములకు, బ్రాహ్మణులకు, గ్రామసేవకులకు జెందిన మాన్యములు. సామాన్య సేద్యగా డందు గానరాడు.

ఇంట జెప్పుకొనుమాటల విలువ యిట్టిచోట దెలియును. ముదుసలులు తేదీలు చెప్పరు, సంవత్సరనామములు చెప్పుదురు. 'మా ముత్తాత నందనలో బ్రదికి బయటపడినవాడు' అన్న మాట మిక్కిలి విలువగలది. 1832-33 నందన. ఆ యేటి క్షామము గుంటూరుసీమ నూడ్చిపెట్టినది. జిల్లాలో నుండిన సుమారు 5,00,000 జనులలో 1,50,000 మంది మడిసిరని ప్రసిద్ధమైన లెక్క. తిండికై చెన్నపురిబాట బట్టిన వారెందఱో త్రోవలోనే పడిపోయిరి. ఏ కుటుంబపు చరిత్రయైనను ఈ యేటియొద్ద తెగిపోవుటకు కారణ మిదియే. అయితే నందన యఱువదియేండ్ల కొకమాఱు వచ్చును. 1892-93 యును నందనయే. మధ్యలో 1876-77 ధాత. ఆ క్షామమును ధాతకఱవని యందురు. రెండు నందనలను గలిపివేసినచో వంశమున రెండు తరములు మాయమగును. చెప్పినవారి వయస్సు, ధాతకఱవును ముందు చెప్పిరా వెనుక చెప్పిరా యనునది, విచారించి తేల్చవలెను.

తాతపేరు మనుమనికి బెట్టుటచే గలుగు చిక్కును విధికుని ఫలకమే సూచించినది. 1870 పట్టికలోని పేరును 1920 పట్టికలోని పేరును ఒకటియే యైనంత మాత్రమున నొకే పురుషుడు గాడు, మనుమడు గావచ్చును. తండ్రిపేరు తప్పక చూడవలెను. ఇల్లరికము మఱియొక చిక్కు. ఈ సీమ కర్షకకులములలో నల్లుని దెచ్చి యింట నుంచుకొని వానికి భూమి నిచ్చు నాచారమును న్యాయస్థానములును అంగీకరించినవి. అప్పుడు క్రయపత్ర మేదియు లేకయే చేను ఒక యింటిపేరునుండి వేఱొకదానికి బోవును. కాగితముల మీద నది యన్యాక్రాంత మైనట్లు తోచును. పితృకార్యమున జెప్పు తండ్రి, తాత, ముత్తాతల పేర్లు మూడుతరములకు నమ్మదగినవి. అంతకు వెనుక పిచ్చుకుంట్లవారి నోటనున్న గోత్రములును ఇంటిపేర్లును గలవు. వారు పల్నాటివీరుల కథ పాడువారు. దాతకు ప్రీతిగా వంశమును వీరులతో ముడివేయుట వారి విద్య. ఇంటిపేరు, మూలగ్రామము అను రెంటిమట్టుకు వారి మాట గైకొని తక్కినది కావ్యముగా వినుట మేలు.

క్షామములకు దేశము విడిచినవారి విషయము వేఱు. 1834 మొదలు మారిషసునకు, 1860 మొదలు 1911 వఱకు దక్షిణాఫ్రికాలోని నేటాలునకు ఒడంబడికకూలీలుగా బోయిన తెలుగువారికి ఓడపట్టికలును రిజిస్టరులును గలవు. పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, దేహమునగల గుర్తులు గూడ నందు వ్రాయబడినవి. మారిషసు పత్రములు మోకాలోని మహాత్మాగాంధీసంస్థలో నున్నవి. కోరంగిరేవున నోడ నెక్కినందున అచటి తెలుగువారికి కోరంగీలని పేరు వచ్చినది. ఊరిలో నుండి భూమి దున్నినవానికి దొరకని వర్ణన, ఊరు విడిచి పరులచెఱకుతోటలో గూలికి బోయినవానికి దొరకినది. అది గౌరవము గాదు. పాఱిపోయినచో బట్టుకొనుటకు వ్రాసికొన్న గుర్తులు. అయినను వంశచరిత్రకు నది నిధియే.

ఊర నిలిచినవారికి మిగిలిన మంచి యాధారము దస్తావేజు. 1864 నాటి చట్టముతో రిజిస్ట్రీ దేశమంతట నేర్పడినది. క్రయపత్రమున చెక్కుబందీ, అనగా నాలుగు దిక్కుల హద్దులు, వ్రాయుదురు. పూర్వునిపేర దస్తావే జొక్కటియు లేకున్నను, అతని పొరుగుచేను అమ్మినవాని పత్రమున 'తూర్పు: ఫలానావాని చేను' అని యతడు గానవచ్చును. పొరుగువారి పత్రములను వెదకుట పలువురకు దోచదు. స్త్రీల పేర్లకు గూడ దస్తావేజే దిక్కు. కూతునకు పసుపుకుంకుమల క్రింద నిచ్చిన చేనికి పత్రమున్నచో నందామె పేరు, తండ్రిపేరు, భర్తపేరు మూడును గలిసి యుండును. 1899 నాటి చెన్నపురి చట్టము ననుసరించి గ్రామాధికారులు వ్రాసిన జననమరణపు లెక్కలు గలవు గాని, బిడ్డకు పేరు పెట్టకమునుపే వ్రాయుటచే పేరుగడి తఱచు 'మగశిశువు', 'ఆడుశిశువు' అని మాత్రమే యుండును, తండ్రిపేరునుబట్టియే పోల్చుకొనవలెను.

1984లో కరణము, మునసబు పదవులు రద్దయినవి. సర్కారు లెక్కలు కచ్చేరీకి జేరవలసినవి జేరినవి. కరణముల సొంత కవిలెలు, తాటాకుకట్టలు, విసబడి పట్టికలు సర్కారువి గావు. అవి యిండ్ల యటుకులమీదనే మిగిలినవి. ఆ యిండ్లు పడగొట్టి క్రొత్తవి కట్టుచున్నారు. కట్ట దొరకినచోట దానిని ముందు చదివింపవలసినది గొలుసుకట్టు వ్రాత చదువగల ముదుసలిచేతనే. ఆ వ్రాత తెలిసినవా రూరి కొకరిద్దఱు గూడ లేరు.