ఆటబొమ్మలో ఇంటర్నెట్

పిల్లల ఫోన్ మీద, టాబ్లెట్ మీద కన్నేసి ఉంచుతాం కానీ చేతిలో పట్టుకుని ఆడే గేమ్ కన్సోల్ జోలికి పోం. గరాజ్ సేల్‌లో నింటెండో 3డీఎస్ కొని, మా వాడికిచ్చే ముందు నేనే గంటసేపు అన్నీ నొక్కి చూశాను. అందులో ఇంటర్నెట్ బ్రౌజర్ ఉంది! 2011 జూన్ అప్‌డేట్‌తో వచ్చిందది. సోనీ పీఎస్‌పీకైతే 2005లోనే వచ్చింది.

ఇప్పటి సైట్లు చాలావరకు అందులో తెరుచుకోవు. తెరుచుకున్నవీ నత్తనడకే. మన తెలుగు పేజీ పెడితే అక్షరాల బదులు డబ్బాలు! అయినా పిల్లల ఓపిక మనకు తెలియనిదా?

తాళం కూడా అందులోనే ఉంది. సిస్టమ్ సెట్టింగ్స్‌లో పేరెంటల్ కంట్రోల్స్‌కి వెళ్ళి, నాలుగంకెల పిన్ పెట్టి బ్రౌజర్ ఒక్కదాన్నే ఆపేయొచ్చు. ఆటలు మామూలుగానే నడుస్తాయి. పుట్టినరోజు అంకెలు మాత్రం పెట్టకండి, వాళ్ళు మొదట నొక్కేవి అవే. “మరి నాకేదైనా చూడాలనిపిస్తే?” అన్నాడు మా వాడు. “హాల్లో కంప్యూటర్ ఉంది కదరా, నా పక్కన కూర్చుని చూడు” అన్నాను. రెండు రోజులు అలిగాడు.

పీఎస్‌పీలో ఇది సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో ఉంటుంది. కంపెనీ ఇచ్చే పాస్‌వర్డ్ నాలుగు సున్నాలు, ముందు అది మార్చండి. వాడిన కన్సోల్ కొంటుంటే, పాత పిన్ ఉందేమో అమ్మేవాళ్ళ చేతనే అక్కడికక్కడ తీయించండి.