గిరిజన సహకార సంస్థ

గిరిజన సహకార సంస్థ (జి.సి.సి.) విశాఖపట్నం ప్రధాన కేంద్రంగా పనిచేస్తున్న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ రంగ సంస్థ. గిరిజనులు సేకరించే అటవీ ఫలసాయాన్ని, పండించే పంటలను కొనుగోలు చేయుట, వారికి నిత్యావసర వస్తువులు అమ్ముట, పంట రుణాలు సమకూర్చుట దీని ముఖ్య విధులు. ఇది 1956లో ఆంధ్ర షెడ్యూల్డు తెగల సహకార ఆర్థిక, అభివృద్ధి సంస్థగా నెలకొల్పబడింది. పేరులోని 'ఆర్థిక' అనే మాటనుబట్టే స్థాపకుల ఉద్దేశం తెలుస్తుంది.

నేపథ్యం

అనంతగిరి మండలంలోని టైడా, విశాఖపట్నం నుండి అరకులోయకు పోయే రైలుమార్గంలో తూర్పు కనుమల నడుమ ఉన్న గ్రామం. ఇటువంటి కొండ గ్రామాల ప్రజలు చింతపండు, అడ్డాకులు, కొండచీపుళ్ళు, తేనె, పసుపు మొదలైనవాటిని అరకులోయ, సుంకరమెట్ట వంటి చోట్ల జరిగే వారపు సంతలకు తెచ్చి అమ్ముతారు. ఆదాయం వచ్చేది కొద్ది నెలలు మాత్రమే. ఖర్చు ఏడాది పొడవునా ఉంటుంది. వానకాలంలో ఇంట్లో గింజలు నిండుకున్నప్పుడు మైదాన ప్రాంతపు షావుకారు ఉప్పు, బట్టలు, బియ్యం అరువిచ్చి, రాబోయే ఫలసాయాన్ని తనకే అమ్మాలని షరతు పెట్టేవాడు.

ధరలో దాగిన వడ్డీ

ఈ పద్ధతిలో వడ్డీ విడిగా కనిపించదు. ఉదాహరణకు, సంతలో కిలో 40 రూపాయలు పలికే చింతపండును ముందు తీసుకున్న బయానా కారణంగా 25 రూపాయలకే ఇవ్వవలసి వచ్చిందనుకుందాం. తగ్గిన ఆ 15 రూపాయలే అసలు వడ్డీ. పైగా అరువు తీరేవరకు మరొకరికి అమ్మే స్వేచ్ఛ ఉండదు. కాబట్టి కొనుగోలుదారుడే అప్పిచ్చేవాడైనచోట మంచి ధర ప్రకటించినంత మాత్రాన గిరిజనునికి మేలు జరగదు. అప్పుకు కూడా వేరే దారి చూపాలి. కొనుగోలు, అమ్మకం, రుణం మూడింటినీ ఒకే సంస్థకు అప్పగించటానికి కారణం ఇదే.

నిర్మాణం

సంస్థ కింద గిరిజన ప్రాథమిక సహకార మార్కెటింగ్ సంఘాలు, వాటి కింద గ్రామాలలో డి.ఆర్. డిపోలు ఉంటాయి. గిరిజనులు డిపోలో సరుకు తూకం వేయించి అమ్ముకొని, అక్కడే బియ్యం, పప్పులు, నూనె వంటివి కొనుక్కోవచ్చు.

చట్టాలు

షెడ్యూల్డు ప్రాంతాలలో భూమి అన్యాక్రాంతం కాకుండా 1959లో ఒక నిబంధన వచ్చింది. దానిని 1970లో కఠినతరం చేశారు; ఇదే '1/70 చట్టం'గా ప్రసిద్ధి చెందింది. 1960లో వడ్డీ వ్యాపారాన్ని నియంత్రించే నిబంధన వచ్చింది. 1979 నాటి నిబంధన చిన్నతరహా అటవీ ఫలసాయ వ్యాపారాన్ని నియంత్రించి, దాని కొనుగోలులో ఈ సంస్థకు గుత్తాధిపత్యం కల్పించింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఆ ఫలసాయంపై యాజమాన్య హక్కును అటవీవాసులకే ఇచ్చింది.

పరిమితులు

గుత్తాధిపత్యానికి రెండు ముఖాలున్నాయి. పోటీ లేనిచోట డిపో ఇచ్చే ధరే ధర అవుతుంది. పంట రుణం సాగుకే గాని, జ్వరానికీ పెళ్ళికీ చావుకీ అందదు. అటువంటి అవసరానికి అడిగిన క్షణంలో చేబదులిచ్చేవాడు షావుకారే. అందుచేత చట్టాలున్నా పాత అరువు పూర్తిగా తొలగిపోలేదు.

ఇటీవలి మార్పులు

2014లో రాష్ట్ర విభజన తరువాత తెలంగాణకు వేరే సంస్థ ఏర్పడింది. చిన్నతరహా అటవీ ఫలసాయానికి కనీస మద్దతు ధర పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2013-14లో ప్రారంభించింది. 2019లో అరకులోయ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించింది. సంస్థ తేనె, కాఫీ తదితరాలను శుద్ధిచేసి నేరుగా వినియోగదారులకు అమ్ముతోంది.

ఇవి కూడా చూడండి

టైడా
అరకులోయ
అటవీ హక్కుల చట్టం
సహకారోద్యమం