ర్యామ్ ధర పెంచింది షాపువాడు కాదు

పోయిన నెల పేరెంట్ టీచర్ మీటింగ్‌లో తొమ్మిదో తరగతి విద్యార్థి నాన్నగారు ఒకరు నా దగ్గరికి వచ్చారు. మార్కుల సంగతి ఎత్తకుండా నేరుగా ల్యాప్‌టాప్ సంగతి ఎత్తారు. "సార్, మావాడి ల్యాప్‌టాప్ బాగా స్లో అయింది. ఇంకో ఎనిమిది జీబీ ర్యామ్ వేయించమని గొడవ. పోయినేడు ఇదే షాపులో అడిగితే రెండు వేల లోపే చెప్పారు. ఇప్పుడు ఐదు వేల పైన అంటున్నారు. బంగారం పెరిగిందంటే అర్థముంది గానీ, ఇది కూడానా? మమ్మల్ని మోసం చేస్తున్నారేమో అనిపిస్తోంది."

కంప్యూటర్ టీచర్‌ని కాబట్టి ఈ ప్రశ్న ఈ మధ్య నాకు తరచూ ఎదురవుతోంది. షాపాయన మోసం చేయడం లేదు. ఆయనకే రేపటి ధర ఎంతో తెలియదు. ఆ రోజు రద్దీలో సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే ఇక్కడ కాస్త తీరిగ్గా రాస్తున్నాను.

ముందు ర్యామ్ అంటే ఏమిటో చూద్దాం. మీ పిల్లల పుస్తకాలన్నీ ఉండే చోటు బీరువా అనుకోండి. చదువుకునేటప్పుడు కావలసినవి తీసి పెట్టుకునే చోటు టేబుల్. కంప్యూటర్‌లో ఫైళ్లు దాచే డిస్క్ బీరువా అయితే, ర్యామ్ టేబుల్. టేబుల్ చిన్నదైతే ప్రతిదానికీ లేచి బీరువా దగ్గరికి వెళ్లాలి, పని నెమ్మదిస్తుంది. ఆ టేబుల్ నిండా ఉండేవి చిన్న చిన్న విద్యుత్ గదులు. ఒక్కో గదిలో కాస్త ఛార్జ్ ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. ఎనిమిది జీబీ ర్యామ్‌లో అలాంటి గదులు సుమారు 6,870 కోట్లు. ఛార్జ్ కారిపోతూ ఉంటుంది కాబట్టి సెకనుకు చాలాసార్లు మళ్లీ నింపుతూ ఉండాలి. ఈ పద్ధతిని ఐబీఎంలో పనిచేసిన రాబర్ట్ డెనార్డ్ కనిపెట్టారు, 1968లో పేటెంట్ వచ్చింది. ఇప్పటికీ మన ల్యాప్‌టాప్‌లలో నడుస్తున్నది ఆ ఆలోచనే.

ఇక ధర దగ్గరికి వద్దాం. ర్యామ్‌కు అంతర్జాతీయంగా ఒకే కొలతలు, ఒకే నిబంధనలు ఉంటాయి. ఒకే రకం, ఒకే వేగం ఉన్న ర్యామ్ ఏ కంపెనీదైనా సాధారణంగా మన ల్యాప్‌టాప్‌లో పని చేస్తుంది. అందుకే ఇందులో బ్రాండ్ మోజు తక్కువ. ఒక విధంగా బియ్యం, పప్పుల లాంటి సరుకు ఇది. సరుకు తక్కువైతే ధర ఎగురుతుంది, ఎక్కువైతే పడుతుంది. తేడా ఏమిటంటే ఈ పంట పండించే రైతులు ప్రపంచం మొత్తానికీ దాదాపు ముగ్గురే. దక్షిణ కొరియాలో శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, అమెరికాలో మైక్రాన్. మార్కెట్‌లో తొంభై శాతం వరకూ ఈ మూడింటి చేతుల్లోనే ఉంది.

ఈ పంట చేతికి రావడానికి చాలా కాలం పడుతుంది. ఒక సిలికాన్ పలక ఫ్యాక్టరీలోకి వెళ్లి వందల దశలు దాటి చిప్పులుగా బయటికి రావడానికే దాదాపు మూడు నెలలు. కొత్త ఫ్యాక్టరీ కట్టాలంటే రెండు మూడేళ్లు, ఖర్చు వెయ్యి కోట్ల డాలర్లు దాటుతుంది. మన లెక్కలో ఎనభై వేల కోట్ల రూపాయల పైమాటే. కాబట్టి ఈరోజు గిరాకీ పెరిగిందని రేపు సరుకు పెంచడం కుదరదు.

మన దగ్గర టమాటా సంగతి తెలిసిందే కదా. 2023 జులైలో కిలో వంద దాటింది. ఆ ధర చూసి అందరూ టమాటా వేశారు. సెప్టెంబరుకల్లా కొన్నిచోట్ల కోత కూలీ కూడా రాక రైతులు పారబోశారు. మెమరీ కంపెనీలూ అంతే. ధర బాగున్నప్పుడు అందరూ ఒకేసారి ఫ్యాక్టరీలు మొదలుపెడతారు, అవన్నీ రెండు మూడేళ్ల తర్వాత ఒకేసారి పూర్తవుతాయి. అప్పటికి గిరాకీ ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు. టమాటా కంటే ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. ఫ్యాక్టరీకి పెట్టిన డబ్బు ఎలాగూ పెట్టేశారు, యంత్రాలు ఆపినా ఆ ఖర్చు ఆగదు. అందుకే ధర పడిపోతున్నా చిప్పులు తయారు చేస్తూనే ఉంటారు, దాంతో ధర ఇంకా పడుతుంది.

ఈ ఆటలో పెద్ద పెద్దవాళ్లే ఓడిపోయారు. ఇంటెల్ అంటే మనకు ప్రాసెసర్ గుర్తొస్తుంది గానీ, ఆ కంపెనీ మొదలైంది మెమరీ చిప్పులతోనే. జపాన్ కంపెనీల పోటీ తట్టుకోలేక 1985లో ఈ వ్యాపారం వదిలేసింది. తర్వాత జపాన్ వాళ్ల వంతు వచ్చింది. అక్కడ మిగిలిన ఎల్పిడా 2012లో దివాలా తీస్తే మైక్రాన్ కొనేసింది. అంతకుముందు 2009లోనే జర్మనీ కంపెనీ కిమోండా దివాలా తీసింది. ధర పడిన ప్రతిసారీ ఒకరిద్దరు తగ్గుతూ, చివరికి ముగ్గురు మిగిలారు.

ఇంత తక్కువమంది ఉంటే చేతులు కలుపుకోరా అని మీకు అనుమానం రావచ్చు. కలుపుకున్నారు కూడా. కూడబలుక్కుని ధరలు నిర్ణయించారన్న కేసులో అమెరికాలో తప్పు ఒప్పుకుని 2005లో శామ్‌సంగ్ 30 కోట్ల డాలర్లు, హైనిక్స్ 18.5 కోట్ల డాలర్లు జరిమానా కట్టాయి. అయితే ధర పెరిగిన ప్రతిసారీ అదే కారణం అనుకోవడం పొరపాటు. ఒక్కోసారి ఎక్కడో జరిగిన ప్రమాదం చాలు. 1993లో జపాన్‌లోని నీహామాలో ఒక రసాయన కర్మాగారం పేలింది. చిప్పుల పైన నల్లటి తొడుగు ఉంటుంది చూడండి, దానికి వాడే రెజిన్‌లో ప్రపంచానికి సగానికి పైగా అక్కడినుంచే వచ్చేది. వెంటనే మెమరీ ధరలు ఎగిశాయి. 2013 సెప్టెంబరులో చైనాలోని వూషీలో హైనిక్స్ ఫ్యాక్టరీ అంటుకున్నప్పుడూ అదే జరిగింది.

ఇప్పటి సంగతికి మూలం కోవిడ్ రోజుల్లో ఉంది. ఆన్‌లైన్ క్లాసుల కోసం మీరూ మేమూ అందరం ల్యాప్‌టాప్‌లు, ట్యాబ్‌లు కొన్నాం. స్కూళ్లు తెరిచాక కొనడం ఆపేశాం. సరుకు గుట్టలుగా మిగిలిపోయి 2022, 2023లలో ధరలు కుప్పకూలాయి. ఒక్క 2023లోనే శామ్‌సంగ్ చిప్పుల విభాగం నష్టం మన లెక్కలో తొంభై వేల కోట్ల రూపాయలు దాటింది. ఆ నష్టంతో ముగ్గురూ ఉత్పత్తి తగ్గించారు, కొత్త పెట్టుబడులు వాయిదా వేశారు.

సరిగ్గా ఆ సమయంలోనే ఏఐ వచ్చింది. చాట్‌జీపీటీ లాంటి వాటిని నడిపే భారీ కంప్యూటర్లకు హెచ్‌బీఎం అనే ప్రత్యేకమైన మెమరీ కావాలి. చిప్పులను అంతస్తుల మేడలా ఒకదానిపై ఒకటి పేర్చి చేస్తారు. ఇదీ అవే సిలికాన్ పలకల మీద తయారవుతుంది. పైగా అంతే జీబీల మామూలు ర్యామ్‌తో పోలిస్తే దాదాపు మూడు రెట్ల పలకలు తింటుందని మైక్రాన్ సంస్థే చెప్పింది. లాభం ఎక్కువ కాబట్టి కంపెనీలు పలకలను అటు మళ్లించాయి. అంటే మన ల్యాప్‌టాప్ ర్యామ్‌కు గిరాకీ పెరగకపోయినా సరుకు తగ్గింది. ఒకే పొలంలో వరి తీసేసి మిర్చి వేస్తే బియ్యం తగ్గినట్టు. 2025 డిసెంబరులో మైక్రాన్ ఇంకో అడుగు వేసి, క్రూషియల్ పేరుతో మామూలు వినియోగదారులకు ర్యామ్ అమ్మే వ్యాపారాన్నే మూసేస్తున్నట్టు ప్రకటించింది. పాత డీడీఆర్4 రకం తయారీని కూడా తగ్గించేయడంతో 2025 మధ్యలో కొంతకాలం పాతదాని ధర కొత్త డీడీఆర్5ను మించిపోయింది!

మరి ల్యాప్‌టాప్ ధర ర్యామ్ అంతగా ఎందుకు పెరగలేదని ఒక అమ్మగారు అడిగారు. మంచి ప్రశ్న. ల్యాప్‌టాప్ కంపెనీలు నెలల తరబడి ఒప్పందాలు కుదుర్చుకుని, సరుకు ముందే కొని పెట్టుకుంటాయి. విడిగా అమ్మే ర్యామ్ మాత్రం రోజువారీ మార్కెట్ ధరను బట్టి నడుస్తుంది. అందుకే విడి ర్యామ్ ముందు ఎగురుతుంది, ల్యాప్‌టాప్‌లు, ఫోన్లు కొన్ని నెలల తర్వాత మెల్లగా దాని వెనక వస్తాయి. దిగేటప్పుడూ ఇదే వరస.

మన దేశంలో ఈ చిప్పుల ఫ్యాక్టరీ లేదు. గుజరాత్‌లోని సాణంద్‌లో మైక్రాన్ పెట్టినది బయట తయారైన చిప్పులను తొడుగుల్లో అమర్చి పరీక్షించే కేంద్రం. అదే కంపెనీకి హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ కేంద్రం ఉంది, మన పిల్లలు చాలామంది అందులో పని చేస్తున్నారు. కానీ సిలికాన్ పలక బయటినుంచే రావాలి కాబట్టి, డాలర్ ధర పెరిగినా ఆ భారం మన బిల్లులోకి వస్తుంది.

ధర ఎప్పుడు దిగుతుందని అడిగితే తేదీ చెప్పడం నా వల్ల కాదు. అయితే కొనేముందు కొన్ని చూసుకోండి. ఇప్పుడు కొత్త ల్యాప్‌టాప్ అవసరం లేకపోతే, ధర ఇంకా పెరుగుతుందేమోనన్న భయంతో కొనకండి. అవసరమైతే మాత్రం తగ్గేదాకా ఆగుదామని చదువు ఆపవద్దు. పదో తరగతి వరకూ మేమిచ్చే పనికి ఎనిమిది జీబీ సరిపోతుంది. కొనేటప్పుడు ర్యామ్ కోసం ఖాళీ స్లాట్ ఉందా, లేక బోర్డుకే అతికించేశారా అని తప్పక అడగండి. స్లాట్ ఉంటే ధర దిగినప్పుడు పెంచుకోవచ్చు. డీడీఆర్4 ల్యాప్‌టాప్‌లో డీడీఆర్5 పట్టదు, పాతది తీసి కొత్తది పెట్టేస్తామనే మాట నమ్మకండి. సెకండ్ హ్యాండ్ ర్యామ్ అయితే మీ ముందే అమర్చి, కనీసం ఒక గంట నడిపి చూపించమనండి.

ఆ నాన్నగారు మర్నాటి శనివారం అబ్బాయిని, ల్యాప్‌టాప్‌ను వెంటబెట్టుకుని వచ్చారు. ల్యాబ్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి చూశాం. రెండు స్లాట్లలో ఒకటి ఖాళీగానే ఉంది. ఎనిమిది జీబీలో ఏడుకు పైగా నిండి ఉంది. బ్రౌజర్‌లో నలభై ఒక్క ట్యాబ్‌లు, ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే వాటంతట అవే మొదలయ్యే గేమ్ లాంచర్లు మూడు. అబ్బాయి నా వైపు చూడలేదు. లాంచర్లు ఆపించి, ట్యాబ్‌లు మూయించి, మళ్లీ ఆన్ చేస్తే వాడకం సగానికి దిగింది. ఖాళీ స్లాట్ ప్రస్తుతానికి ఖాళీగానే ఉంచుదామని నాన్నగారు అన్నారు.