పేరులు - వాని పుట్టుక

హైదరాబాదు నగరమునకు రైలులో వచ్చువారు అనేకులు నాంపల్లి స్టేషనులో దిగుదురు. 1907వ సంవత్సరమున ఏర్పడిన ఆ స్టేషనుకు రైల్వేవారు పెట్టిన పేరు హైదరాబాదు. జనుల నోట నున్న పేరు నాంపల్లి. అచ్చటినుండి కొంతదూరము నడచినచో ఆబిడ్స్ వచ్చును. పెద్ద తపాలా కార్యాలయము, వరుసగా దుకాణములు, ఆదివారమున కాలిబాటలపై పరచిన పాత పుస్తకములు ఆ వీథికి గుర్తులు. ప్రతిదినము వేలకొలది జనులు ఈ రెండు పేరులను పలుకుదురు. వాని అర్థమేమని అడిగినచో చెప్పగలవారు కొందరే.

తెలుగువారి ఇంటిపేరులలో పెక్కు ఊళ్ల పేరులనుండి పుట్టినవి. గురజాడ, కందుకూరి అను ఇంటిపేరులను వినగానే గురజాడ, కందుకూరు అను ఊళ్లు మనకు జ్ఞప్తికి వచ్చును. ఊరు మనిషికి పేరిచ్చినది. ఆబిడ్స్, నాంపల్లి విషయమున ఇది తారుమారైనది. ఇచ్చట మనుష్యులే చోటులకు పేరులిచ్చిరి.

ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను 1869 మొదలు 1911 వరకు రాజ్యమేలెను. ఆయన కొలువులో ఆల్బర్టు ఆబిద్ అను ఆంతరంగిక సేవకు డుండెను. అతడు ఆర్మేనియా జాతివాడని ప్రతీతి. ప్రభువు అనుగ్రహమును పొందిన ఆబిద్ ఈ ప్రాంతమున నొక పెద్ద దుకాణమును తెరచెను. ఆంగ్లభాషలో పేరు చివర చేర్చు సకారము ‘వాని యొక్క’ అను అర్థము నిచ్చును. కావున ఆబిడ్స్ అనగా ‘ఆబిద్‌గారిది’ అని భావము. యజమాని గతించెను; దుకాణము మూతపడెను. ఆ చిన్న సకారము మాత్రము ఆ వీథి యంతయు నేటికిని అతనిదే యన్నట్లు నిలిచియున్నది.

నాంపల్లి పేరు ఇంతకంటె ప్రాచీనమైనది. గోలకొండ నేలిన అబ్దుల్లా కుతుబ్‌షా కొలువులో రజా కులీబేగు అను ఉద్యోగి యుండెను. కర్ణాటక ప్రాంతమున గోలకొండ సేనలను నడపిన ఆతనికి నేక్‌నామ్‌ఖాను అను బిరుదము లభించెను. 1672లో అతడు మరణించెను. ఆతని సమాధి కుతుబ్‌షాహీ గోరీల తోటలో నేటికిని కలదు. ఆతని పేరిట వెలసిన నేక్‌నామ్‌పల్లియే క్రమముగా నాంపల్లి యైనదని చెప్పుదురు. పారసీక భాషలో ‘నేక్’ అనగా మంచి, ‘నామ్’ అనగా పేరు. పల్లె మన తెలుగుమాట. జనుల నాలుకపై మొదటి భాగము అరిగిపోయెను. ‘మంచి’ జారిపోగా ‘పేరు’ మాత్రమే మిగిలినది!

ఇట్టి మార్పులు మనకు మాత్రమే చెందినవి కావు. నేక్‌నామ్‌ఖాను కాలమున గోలకొండ రాజ్యమునకు ముఖ్యమైన రేవు మచిలీపట్టణము. అచ్చట హాలెండు దేశీయులైన డచ్చివారు వర్తకము చేయుచుండిరి. వారిని మనవారు వలందులనిరి. మచిలీపట్టణమున వలందపాలెము అను పేట నేటికిని కలదు. ఆ డచ్చివారి దేశమున ‘నాక్ట్‌గెబోరెన్’ అను అరుదైన ఇంటిపేరు గలదు. ‘దిగంబరుడుగా పుట్టినవాడు’ అని దాని పైకి తోచు అర్థము. 1811లో నెపోలియన్ చక్రవర్తి అందరును ఇంటిపేరులను నమోదు చేయించుకొనవలెనని శాసింపగా, అతనిని వెక్కిరించుటకు ఎవరో ఈ పేరు వ్రాయించిరని ఒక కథ పుట్టెను. కథ వినసొంపుగా నున్నది. కాని సత్యము కాదు. అంతకు పూర్వమే ఆ ఇంటిపేరువారు ఆ దేశమున నుండిరి. తండ్రి మరణించిన పిదప పుట్టిన శిశువును తెలుపు ఒక జర్మను పదము మారి ఈ రూపము దాల్చియుండునని పండితుల ఊహ. తండ్రి ముఖమెరుగని బిడ్డ దుఃఖమును దాచుకొన్న పేరు పరిహాసమునకు పాత్రమైనదన్నమాట!

ఇంకొక వింత చూడుడు. డచ్చివారును పేరును ‘నామ్’ అనియే యందురు. సంస్కృతము, పారసీకము, డచ్చి భాష ఒకే కుటుంబమునకు చెందినవి. మనము సంస్కృతమునుండి గైకొన్న ‘నామము’ను, నాంపల్లిలోని ‘నామ్’ను, వలందుల ‘నామ్’ను దూరపు చుట్టములే.

బాలబాలికలారా! మీ ఇంటిపేరు ఎచ్చటినుండి వచ్చినది? మీ వీథికి ఆ పేరు ఎట్లు కలిగినది? ఇంటిలోని పెద్దలను అడిగి వ్రాసికొనుడు. అడుగక జాగుచేసినచో చెప్పగలవా రుండరు. అయితే విన్నదెల్ల సత్యమని నమ్మరాదు. వినసొంపైన కథను పాత వ్రాతలతో, శాసనములతో సరిచూడవలెను. నాలుక అరగదీసిన అర్థమును మరల వెలికి తీయుట చదువుకొన్నవారి కర్తవ్యము. ఇకమీద నాంపల్లి యను మాట వినునపుడు, అందు జారిపోయిన ‘మంచి’ని మీరైనను తలచుకొనుడు.