రికార్డులలో బంజరు – క్షేత్రంలో పచ్చికబయలు

అనంతపురం: పశ్చిమ కనుమల వర్షచ్ఛాయలో ఉన్న ఉమ్మడి అనంతపురం జిల్లాలో సాలీనా సాధారణ వర్షపాతం 552 మిల్లీమీటర్లు మాత్రమే. నైరుతి రుతుపవనాలు కనుమల ఆవలనే చాలావరకు వర్షించి వస్తాయి. ఈశాన్య రుతుపవనాలు తీరం నుండి ఇక్కడికి చేరేసరికి బలహీనపడతాయి. ఇట్టి నేలలో సహజంగా ఎదిగేవి గడ్డి, ముళ్లపొదలు, అక్కడక్కడ చెట్లు. రెవెన్యూ రికార్డులలో మాత్రం ఈ గుట్టలు, బీళ్లు గయాళు, పోరంబోకు, బంజరు అనే పేర్లతో నమోదై ఉన్నాయి. 2000 సంవత్సరంలో వెలువడిన భారత బంజరు భూముల అట్లాసు సైతం పొదలతో కూడిన భూమిని ఆ వర్గంలోనే చేర్చింది. సాగు లేని, శిస్తు రాని భూమి అన్నది ఆ మాటకు మూలార్థం. కాలక్రమంలో అది పనికిరాని భూమి అనే అర్థంలో, పత్రికా భాషలోనూ, స్థిరపడింది.

జిల్లాలో వేరుశనగ ఏకపంటగా విస్తరించి ఒక దశలో 8 లక్షల హెక్టార్లు దాటింది. పశువుల మేతకు మిగిలినవి గుట్టలే. వంటచెరకు, మేత, వేసవి మంటల ఒత్తిడికి అవి కూడా బోడిగుట్టలైనాయి.

చెన్నేకొత్తపల్లి మండలంలోని (2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లా) కల్పవల్లి ఇందుకు భిన్నమైన ఉదాహరణ. 1990ల ఆరంభంలో టింబక్టు కలెక్టివ్ తోడ్పాటుతో ముష్టికోవెల గ్రామస్థులు, తరువాత పరిసర గ్రామాలవారు గుట్టల సంరక్షణకు పూనుకున్నారు. వారు చేసిన ప్రధానమైన పని మొక్కలు నాటడం కంటే మంటలను ఆపడం. వేసవికి ముందే అగ్నినిరోధక బాటలు తీయడం, కాపలాదారులను నియమించుకోవడం జరిగింది. బోదగడ్డి, ఈత, సీతాఫలం తిరిగి మొలిచాయి. నేడు 7,000 ఎకరాలకు పైగా విస్తరించిన ఈ ప్రాంతం ఇళ్ల కప్పులకు బోద, చీపుళ్లకు ఈతాకు, మందలకు మేత ఇస్తోంది. గడ్డివేళ్లు ఎర్రమట్టిని పట్టి ఉంచుతాయి; వాననీరు ఉరుకు తగ్గి నేలలోకి ఇంకి, దిగువ చెరువులకు చేరుతుంది.

తోడేలు, చిరుతపులి, ఎలుగుబంటి సంచారం కూడా ఇక్కడ నమోదైంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూలులో చేరిన తోడేలు ప్రధానంగా బయళ్లను ఆశ్రయించే జంతువు. గొర్రెపిల్లలను ఎత్తుకుపోతుందని కురుబ, గొల్ల కాపరులకు దానిపై కోపం సహజం. అయితే తోడేలుకూ మందకూ కావలసింది ఒకే పచ్చిక అని కాపరికి వేరే చెప్పనవసరం లేదు.

2010ల ఆరంభంలో కల్పవల్లి గుట్టలపై గాలిమరలు వెలిశాయి. రికార్డు ప్రకారం అది ప్రభుత్వ బంజరు కనుక కేటాయింపునకు ఆటంకం లేకపోయింది. భారీ యంత్రాల రాకపోకలకై వాలులను తొలచి వేసిన బాటల వల్ల మట్టి కోసుకుపోయి వాగులలో మేట వేసిందని గ్రామస్థులు అభ్యంతరం తెలిపారు. పవన విద్యుత్తు అవసరాన్ని ఎవరూ కాదనరు. కాని 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ షెడ్యూలులో పవన విద్యుత్ ప్రాజెక్టులు లేవు. కాబట్టి ఆ భూమిలో ఏమి పెరుగుతున్నదో, ఎవరు ఆధారపడి ఉన్నారో చూడవలసిన బాధ్యత భూమి కేటాయింపు దశలోనే, అంటే మండల స్థాయి నివేదికలోనే, నెరవేరాలి. పచ్చికబయళ్లలో గుంతలు తీసి వరుసగా మొక్కలు నాటే కార్యక్రమాలకూ ఇదే వర్తిస్తుంది.

పొరుగున నంద్యాల జిల్లాలోని రోళ్లపాడును బట్టమేకపిట్ట కోసం 1988లో అభయారణ్యంగా ప్రకటించారు. చుట్టూ ఉన్న బీళ్లు, మెట్టచేలు సాగునీటి పంటలకు మారిన తరువాత ఆ పక్షి కనిపించడమే అరుదైంది.

జీవవైవిధ్య చట్టం, 2002 ప్రకారం స్థానిక సంస్థలలో ఏర్పడే జీవవైవిధ్య యాజమాన్య కమిటీలు ప్రజా జీవవైవిధ్య రిజిస్టరును రూపొందించాలి. గ్రామ పరిధిలోని గడ్డిజాతులను, మేతబయళ్లను, వాటి వాడుకను స్థానిక నామాలతో అందులో నమోదు చేయవచ్చు. భూమి కేటాయింపు ప్రతిపాదన అందినప్పుడు అడంగల్‌తో పాటు ఈ రిజిస్టరును కూడా తహశీల్దారు తెప్పించుకుని చూడవచ్చు.